గల్లాపెట్టె దగ్గర మనిషి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 12 ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో మనిషి కూర్చుని బిల్లు వేసే కౌంటర్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్న సంగతి గురించి ఈ లేఖ. తేల్చవలసింది ఇక్కడి ప్రభుత్వమే అయినా, 6 నెలల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకూ, చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా ఇవే దుకాణాల్లో పనిచేసి అద్దె కట్టుకునే మన విద్యార్థులకూ ఇది సొంత విషయమే కనుక మీ పత్రికకు రాస్తున్నాను.

బ్రిటన్‌లో చాలా పేటల్లో నలుగురూ కలిసే చోటు సూపర్‌మార్కెట్టే. బ్యాంకు శాఖ ఎత్తేసిన ఊళ్లో డబ్బు తీసుకునే యంత్రం దాని గోడకే ఉంటుంది. పెద్ద దుకాణమైతే మందుల షాపు, పెట్రోలు బంకు, టీ తాగడానికి నాలుగు బల్లలు కూడా ఉంటాయి. బయటికి వచ్చే దారిలో పేదలకు ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే ఫుడ్ బ్యాంకు కోసం సరుకులు వేసే తొట్టె కనిపిస్తుంది. చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఈ దేశంలో, ఒంటరిగా ఉండే వృద్ధులు రోజూ వెళ్లి ఒక్క పాలసీసా కొని తెచ్చుకోవడం కేవలం పాల కోసమేనని నేను అనుకోను. మా అమ్మ ఇక్కడ ఉన్నన్నాళ్లూ, ఇంట్లోవాళ్లం కాక ఆమెను రోజూ పలకరించింది కౌంటర్‌లో కూర్చునే ఒక పెద్దావిడే. ఒకరి భాష ఒకరికి రాదు. చలి గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చేతులతోనే చెప్పుకునేవారు. ఆ కౌంటర్ ఉన్న చోట ఇప్పుడు, కొనేవాళ్లే బిల్లు వేసుకుని డబ్బు కట్టే ఆరు యంత్రాలున్నాయి. అమ్మ మళ్లీ వచ్చినప్పుడు, సంచి సరిగా పెట్టలేదని యంత్రం పదేపదే అరుస్తుంటే, వెనక పెరుగుతున్న వరుసను చూసి కంగారుపడి సరుకులు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

ఇదీ నాలుగు రోజుల్లో అలవాటవుతుందని యాజమాన్యాలు అంటాయి. సెయిన్స్‌బరీస్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ 1950లో క్రాయ్‌డన్‌లో, కొనేవాళ్లే సరుకులు తీసుకునే సెల్ఫ్ సర్వీసు పెట్టినప్పుడు కూడా, తూచి పొట్లం కట్టి ఇచ్చే మనిషి ఏడని కొందరు కోప్పడి, తర్వాత సర్దుకున్న మాట నిజమే. అయితే అప్పుడు బిల్లు వేసే మనిషైనా మిగిలాడు. రెండు వస్తువులు కొని పరుగెత్తే రోజున నేనూ యంత్రం దగ్గరికే వెళతాను, దాన్ని పీకేయమనడం లేదు. వేరే దారే లేకుండా చేయడం మీదనే నా అభ్యంతరం.

వేరే దారి ఉందని ఇక్కడి దుకాణాలే చూపించాయి. ఉత్తర ఇంగ్లండ్‌కు చెందిన బూత్స్ సంస్థ 2023లో తన 28 దుకాణాల్లో రెండింటిని మినహాయించి మిగతా అన్నిటి నుంచీ ఈ యంత్రాలను తీసేస్తున్నట్టు ప్రకటించింది. స్కాట్లండ్‌లోని ఫారెస్‌లో టెస్కో అనే సూపర్‌మార్కెట్ సంస్థ 2017లో, మతిమరుపు వ్యాధితో బాధపడేవారు తొందర లేకుండా బిల్లు కట్టేందుకు ఒక కౌంటర్‌ను ప్రయోగాత్మకంగా కేటాయించింది.

దుకాణాల ఇష్టానికే వదిలేస్తే ఇలాంటివి ఒకటీ అరా మిగులుతాయి కనుక చట్టం కావాలి. వ్యాపారంలో ప్రభుత్వం తలదూర్చకూడదనేవారికి 1994 నాటి ఆదివారం వ్యాపార చట్టాన్ని గుర్తు చేస్తాను: ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణం ఆదివారం 6 గంటలకు మించి తెరవకూడదని నిర్ణయించింది ప్రభుత్వమే. ఇంగ్లండ్‌లో 2015లో ప్లాస్టిక్ సంచికి 5 పెన్నీలు వసూలు చేయించిందీ ప్రభుత్వమే. అదే 280 చదరపు మీటర్ల కొలతను తీసుకుని, అంతకు మించిన ప్రతి దుకాణంలోనూ తెరిచి ఉన్నంతసేపూ నగదు తీసుకునే మనిషి ఉన్న కౌంటర్ కనీసం ఒకటి ఉండాలని శాసించడం కష్టమేమీ కాదు.

ఇక్కడి తెలుగు సంఘాలు పండుగ సభలకు స్థానిక ఎంపీలను పిలిచి శాలువాలు కప్పుతుంటాయి. ఆ సభల్లోనే ఈ కోరికను రాతపూర్వకంగా అందజేయవచ్చు. భారత పాస్‌పోర్టుతో చట్టబద్ధంగా ఇక్కడ నివసించేవారికి కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉందన్న విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు కాని, ఆ ఎంపీలకు బాగా తెలుసు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రెడింగ్, ఇంగ్లండ్