మిల్లు మలుపులో వంద మీటర్ల రోడ్డు వేయించండి: రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మిర్యాలగూడ దగ్గర మా ఊరి సీసీ రోడ్డు రెండేళ్లు తిరగకుండానే బీటలు వారింది. ధాన్యం లారీలు మిల్లు వైపు తిరిగే మలుపులో, ఒక పగులులో రూపాయి బిళ్ళ పెట్టి చూశాను. నిటారుగా నిలబడింది. ఇరవై ఏళ్లుగా కాంక్రీటు పనులు చేయిస్తున్న నాకు కడుపు తరుక్కుపోయింది.

మన జిల్లాలోనే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. థర్మల్ కేంద్రాల బూడిదను పూర్తిగా వినియోగించాలని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ బూడిదను మన రోడ్లకే వాడమని నా విన్నపం.

కాంక్రీటులో బూడిద కలిపితే కల్తీ అని మేస్త్రీలు కూడా అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. దానివల్ల బలం రాదు. ఫ్లైయాష్ అనే ఈ బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని బంకలా మారి, సన్నని రంధ్రాలను పూడుస్తుంది. పాత గచ్చులో సున్నానికి ఇటుక పొడి కలిపింది ఇందుకే. కాకపోతే ఈ బలం నెమ్మదిగా వస్తుంది. కాంక్రీటు దిమ్మెను నొక్కి బలం చూసే 28 రోజుల క్యూబు పరీక్షతోనే తీర్పు చెప్పకుండా 56, 90 రోజులకూ పరీక్షించాలి.

కాంక్రీటు బలం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. అందుకే పీచు కావాలి. మట్టిగోడకు వరిగడ్డి కలిపి మెత్తినట్టే, ఉక్కు లేదా పాలీప్రొపిలీన్ పోగులు పగులును రెండు వైపులా పట్టి ఉంచుతాయి. పోగులు పడితే మాలు (తడి కాంక్రీటు) బిగుసుకుంటుంది. అప్పుడే కూలీలు బకెట్టుతో నీళ్లు గుమ్మరిస్తారు, బలమంతా అక్కడే పోతుంది. గుండ్రటి బూడిద రేణువులు మాలును జారేలా చేస్తాయి కాబట్టి ఆ అవసరం తగ్గుతుంది. అయితే విద్యుత్ కేంద్రం బూడిదను వదిలే చెరువులోని తడి బూడిద పనికిరాదు, ఐఎస్ 3812 అనే భారతీయ ప్రమాణానికి తగిన పొడి బూడిదే తేవాలి.

అన్నిటికంటే ముఖ్యం క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం. ఇలాంటి కాంక్రీటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. మా రోడ్డుకు మూడో రోజే గోనె సంచులు ఎండిపోయాయి. 14 రోజుల క్యూరింగ్ రికార్డు చూపితేనే బిల్లు చెల్లించేలా ఆదేశించండి.

మా మిల్లు మలుపులో వంద మీటర్ల మేర ఇలా బూడిద, పీచు కలిపిన రోడ్డు ప్రయోగాత్మకంగా వేయించండి. సంక్రాంతిలోపు పోస్తే, యాసంగి ధాన్యం లారీలు వచ్చేసరికి 90 రోజులు నిండుతాయి.

ఇట్లు,
మిర్యాలగూడ ప్రాంతపు సివిల్ సూపర్‌వైజర్