మన గేటు ముందు ఆగిన పాడె

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల అర్ధసంవత్సర పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ మన గేటు ముందు పాడె దించినప్పుడు కార్లు హారన్లు కొట్టిన ఆ వీడియో గురువారం సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నాకూ పదకొండు మంది పంపారు. కొందరు సిగ్గుపడుతూ, కొందరు కోపంగా, ఇద్దరైతే "రోడ్డు మధ్యలో పాడె దింపితే జనం ఏం చేయాలి మేడమ్?" అని అడుగుతూ పంపారు. అందుకే ముందు ఆ సంగతి.

వీడియో తీసినవాళ్లకు కనిపించనిది గేటు లోపల నిలబడ్డ నాకు కనిపించింది. సాయంత్రం నాలుగుకు పది నిమిషాలు ఉంది. లాంగ్ బెల్ అప్పుడే కొట్టాం. చెన్నైలో అయనావరం వైపు నుంచి ఓట్టేరి శ్మశానానికి ఒక శవయాత్ర మన వీధిలోకి తిరిగింది. ముందు డప్పులు, వెనక పూలు చల్లేవాళ్లు, తర్వాత పాడె. మన గేటుకు ఎదురుగా ఉన్న వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి డప్పులు ఆగాయి. పాడె కిందికి దించారు. పెద్దకొడుకు చేతిలో ఉన్న నిప్పుకుండ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తల్లి చెవి దగ్గరికి వంగి, "అమ్మా" అని పిలిచాడు.

అప్పుడు మొదటి హారన్ మోగింది.

ఆయన రెండోసారి పిలిచాడు. ఈసారి మూడు కార్ల హారన్లు కలిసి మోగాయి. మూడోసారి ఆయన పిలిచిన పిలుపు పక్కన నిలబడ్డవాళ్లకైనా వినిపించి ఉండదు. అంతలో ఒక స్కూటర్ డప్పుల వాళ్లకీ పాడెకీ మధ్య నుంచి దూరి ముందుకు వెళ్లిపోయింది. దాని చక్రం నిప్పుకుండకు జానెడు దూరంలో పోయింది. ఆ స్కూటర్ మీద ముందు నిలబడి ఉన్న పిల్లవాడి ఒంటిమీద ఉన్నది మన యూనిఫారం. వెనక వరుసలో ఉన్న ఏడు కార్లలో ఐదు మన పిల్లల కోసం వచ్చినవే. ఆ స్కూటర్ ఎవరిదని నన్ను అడగవద్దు. నాకు తెలుసు, చెప్పను. ఆ పిల్లవాడిని కూడా ఎవరూ అడగవద్దని మనవి.

దాన్ని దింపుడు కళ్లం అంటారు. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడె దించి, పోయినవారి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేచి వస్తారేమోనని. లేవరని పిలిచేవాడికి తెలుసు. అయినా పిలుస్తాడు. ఎన్నికల ఫలితాల రోజున ఓడిపోతున్న పార్టీ గురించి, ఆఖరి ఓవర్లో ముప్పై పరుగులు కావాల్సిన జట్టు గురించి "దింపుడు కళ్లం ఆశ" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ మాట పుట్టిన చోటు మన బడి గేటు ముందే నేల మీద ఉంటే మాత్రం హారన్ కొట్టాం.

ఆ తల్లి ఎవరో కూడా చెప్పాలి. ఆమె కార్పొరేషన్‌లో పారిశుధ్య కార్మికురాలు. పదవీ విరమణ చేసేదాకా మన వీధి ఊడ్చింది ఆమే. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తరాల కిందట ఈ పనికే మద్రాసు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. 2015 డిసెంబరు వరదల తర్వాత మన వరండాలో మోకాలి లోతు బురద పేరుకుంటే, బడి తెరవడానికి వీలుగా తీసి పోసిన చేతుల్లో ఆమె చేతులు ఉన్నాయి. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు గురువారం ఆ కార్లలో కూర్చుని ఉన్నారు.

ఇక పిల్లల సంగతి. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఏడో తరగతి 'బి' సెక్షన్ అమ్మాయి ఒకతె, బెల్ కాగానే బయటికి వచ్చినది, మొదటి హారన్‌కే పరుగున వెళ్లి ముందు కారు కిటికీ తట్టి, "అంకుల్, వాళ్ల అమ్మను పిలుస్తున్నారు, ఆపండి" అంది. ఆ ఒక్క కారు హారన్ ఆగింది. ఎలా తెలుసమ్మా అని తర్వాత అడిగితే, వేసవి సెలవుల్లో వెంకటగిరిలో అమ్మమ్మ చెప్పిందట. తొమ్మిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు సైకిళ్లు దిగి, చెప్పులు విడిచి, పాడె తిరిగి లేచేదాకా కదలకుండా నిలబడ్డారు. మొన్న జోనల్ వాలీబాల్‌లో మన జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లింది కూడా వీళ్లిద్దరే. ఆ ఫైనల్ కన్నా గురువారం వాళ్లు నిలబడిన తీరు నాకు ఎక్కువ గర్వంగా ఉంది. ఈ మాట వాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి కూడా చెప్పాను. మన మూడో నంబరు వ్యాన్ డ్రైవర్ అన్న ఇంజిన్ ఆపి, కిందికి దిగి, లోపలి పిల్లల వైపు తిరిగి "సత్తం పోడాదీంగ" (చప్పుడు చేయకండి) అని తమిళంలో అన్నాడు. ముప్పై మంది పిల్లలు గప్‌చుప్. వీధి చివర టీ కొట్టాయన షట్టర్ సగం దించాడు. వీళ్లెవరికీ ఎవరూ పాఠం చెప్పలేదు.

మీలో కొందరి వాదన కూడా న్యాయంగా వినాలి. ఈమధ్యే టెక్సస్ నుంచి తిరిగి వచ్చిన ఒక తండ్రి నాకు పెద్ద ఉత్తరమే రాశారు. అక్కడ శవయాత్ర అంటే కార్ల వరుస, పట్టపగలు హెడ్‌లైట్లు, ఒక పద్ధతి. ఇక్కడ డప్పులు, టపాకాయలు, రోడ్డు నిండా పూలు అని. అయ్యా, టపాకాయల విషయంలో మీతో ఏకీభవిస్తాను. బడి పక్కన కాల్చడం ప్రమాదం. వానలో పూల రేకుల మీద టూవీలర్లు జారడమూ నిజమే. ఆ రెండూ నేను మన వీధి పెద్దలతో మాట్లాడతాను, అవసరమైతే స్టేషన్‌కు కూడా వెళ్తాను. కానీ మీరు చూసిన ఆ దేశంలో ఆ కార్ల వరుసను ఎవరూ మధ్యలో చీల్చరు. చాలా రాష్ట్రాల్లో ముందు కారు సిగ్నల్ దాటాక లైటు ఎర్రగా మారినా వెనక కార్లన్నీ వరుస తెగకుండా దాటిపోవచ్చు. దక్షిణాది రాష్ట్రాల్లోనైతే ఎదురుగా వచ్చే బండ్లు కూడా పక్కకు ఆగుతాయి. పోయినవారు ఎవరో తెలియకుండానే ఆగుతాయి. మీరూ అక్కడ ఆగే ఉంటారు. ఇక్కడ కూడా ఆగమనే నేను అడుగుతున్నాను.

మనకూ ఆ పద్ధతి కొత్తది కాదు. మా నాన్నగారు పోయినప్పుడు గూడూరు దగ్గర హైవే దాటించాల్సి వచ్చింది. అటు నుంచి సరుకు లారీ వస్తోంది. డ్రైవరు ఎక్కడివాడో, ఏ భాషవాడో తెలియదు. లారీ ఆపి, ఇంజిన్ కట్టేసి, కిందికి దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. పాడె మోసిన నలుగురిలో ఒకాయన పేరు నేను మరిచిపోయానేమో గానీ ఆ తువ్వాలు రంగు నాకు ఇంకా గుర్తుంది. పెరంబూరులో ముస్లింల శవయాత్ర, జనాజా, వెళ్తుంటే దారిన పోయేవాళ్లు వచ్చి నాలుగడుగులు భుజం పట్టి వెళ్లడం మీరూ చూసే ఉంటారు.

చట్టం కావాలనేవాళ్లకు చట్టం కూడా ఉంది. ఊరేగింపును దాటేటప్పుడు గంటకు 25 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదని 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రహదారి నియమాల్లోనే రాశారు. బడి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అంటాయి. 2019 సవరణ తర్వాత అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ కొడితే 2,000 జరిమానా. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 అని అందరికీ తెలుసు కాబట్టి అందరూ పక్కకు జరుగుతారు. పాడె మోసేవాడు ఎవరికీ జరిమానా వేయలేడు.

బండి నడిపేవాళ్లు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎడమ పక్కకు ఆపండి. పాటలు ఆపండి. వరుస మధ్యలోకి దూరవద్దు. యాత్ర చివర దారి చూపే మనిషి ఎప్పుడూ ఒకరు ఉంటారు, ఆయన చెయ్యి ఊపాకే మెల్లగా దాటండి. పాడె దించితే ఇంజిన్ కట్టేయండి, రెండు నిమిషాల్లో లేస్తుంది. ఫోన్ ఎత్తి వీడియో తీయవద్దు. మంచి ఉద్దేశంతో తీసినా సరే, తీయవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. శుక్రవారం ఉదయం ఏడో తరగతిలోకి వెళ్లి అడిగాను. నలభై రెండు మందిలో దింపుడు కళ్లం అంటే తెలిసినవాళ్లు ముగ్గురు. పాడె అన్న మాట తెలియనివాళ్లు సగానికి పైగా. "డెడ్‌బాడీ కట్టె" అన్నాడు ఒక పిల్లవాడు, పాపం, తెలిసినంతలో. తెలుగు మాట్లాడుకునే ఇళ్ల నుంచి, తెలుగు చదువుకోవడానికే ఈ ఊళ్లో మన బడికి వచ్చే పిల్లలు వీళ్లు! తప్పు వాళ్లది కాదు. ఇంట్లో ఎవరైనా పోతే పిల్లలను పక్కింట్లో కూర్చోబెట్టి చేతికి ట్యాబ్ ఇస్తున్నాం. తాతయ్య ఎక్కడికి వెళ్లాడంటే "ఊరికి" అంటున్నాం. నామినీ, ప్రీమియం, ఈఎంఐ లాంటి మాటలు వాళ్లకు వచ్చు. కొరివి, పాడె, పెద్దకర్మ, మైల లాంటి మాటలు రావు. మాట లేనివాడికి ఆ పని ఏమిటో తెలియదు. ఏమిటో తెలియనివాడికి అది ట్రాఫిక్ జామ్ లాగే కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ ఇంట్లో తెలుగు మాట్లాడండి అంటున్నాను. నేను పద్యాలు, మార్కుల కోసం అంటున్నానని మీరు అనుకుంటున్నారు. దీనికోసం అంటున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం పిల్లలను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. భయపెట్టకుండా చెప్పమనండి. ఏడేళ్ల పిల్ల కూడా అర్థం చేసుకుంటుంది.

ఇంకొక్క మాట, నొచ్చుకోకండి. గురువారం నాకు వచ్చిన సంజాయిషీలన్నీ ఒకటే: "నాలుగున్నరకు ట్యూషన్ ఉంది మేడమ్." మీ శ్రమ నాకు తెలుసు. ఆఫీసు మధ్యలో పర్మిషన్ పెట్టి వస్తారు. కానీ పావు కిలోమీటరు దూరంలో ఉన్న ఇళ్ల నుంచి కూడా కార్లే వస్తున్నాయి. పిల్లవాడు కార్లోనే అన్నం తింటాడు, కార్లోనే బట్టలు మార్చుకుంటాడు, కార్లోనే తిట్లు తింటాడు. నడిచి, సైకిల్ మీద వెళ్లే పిల్లలే ఆ రోజు ఆగి నిలబడ్డారని గుర్తు చేయడం తప్ప నేనేమీ అనను.

సోమవారం నుంచి ఒక మార్పు. లాంగ్ బెల్ సమయానికి శవయాత్ర వస్తుంటే అది మన వీధి దాటేదాకా గేటు తెరవం. పిల్లలు లోపల ఆవరణలోనే ఉంటారు. మీరు కొన్ని నిమిషాలు ఆగాలి. ఉదయం పూట దానివల్ల ఆలస్యమై వచ్చిన పిల్లలకు లేట్ మార్క్ వేయం. కార్లు కొన్నూరు హైరోడ్డు వైపే ఆపండి, వీధిలోకి తేవద్దు.

మిగతావి: అర్ధసంవత్సర పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. రెండో విడత ఫీజు నెలాఖరులోగా కట్టాలి. వాన సెలవు కలెక్టరు ప్రకటిస్తేనే సెలవు, తెల్లవారుజామున నాకు ఫోన్ చేయవద్దు. ఆఫీసు గదిలో పద్నాలుగు గొడుగులు, తొమ్మిది టిఫిన్ డబ్బాలు పడి ఉన్నాయి, దయచేసి తీసుకెళ్లండి.

శనివారం నేను, ఇద్దరు ఉపాధ్యాయులు, ఆ ఏడో తరగతి అమ్మాయి కలిసి ఆ ఇంటికి వెళ్లి బడి తరఫున క్షమాపణ చెప్పి వచ్చాం. పెద్దకొడుకు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. స్కూటర్ సంగతి ఎత్తనే లేదు. "మీ బడి బెల్ మోగితే మా అమ్మ చీపురు పక్కన పెట్టేది, పిల్లలకు దుమ్ము కొడుతుందని" అన్నారు.

వచ్చే ఆదివారం పెద్దకర్మ. బడి తరఫున వెళ్తున్నాం. గురువారం ఆ వరుసలో ఉన్నవాళ్లలో ఎవరికైనా రావాలని ఉంటే ఉదయం పది గంటలకు గేటు దగ్గరికి రండి. ఎవరు ఏ బండిలో ఉన్నారని ఎవరూ అడగరు. అక్కడి నుంచి నడిచే వెళ్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు