మా అమ్మాయి కారు ఇన్సూరెన్స్ పేరిట నా కార్డు నుంచి తీసుకున్న సొమ్ము గురించి ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ముందుగా చెప్పకుండా కార్డు నుంచి చేసిన మూడు వసూళ్లు – రీఫండ్, రాతపూర్వక వివరణ కోరుతూ.

అయ్యా / అమ్మా,

మీ కంపెనీలో కారు ఇన్సూరెన్స్ పాలసీ మా అమ్మాయి పేరున ఉంది. నెలనెలా వాయిదాలు కట్టే కార్డు నాది. పాలసీ నంబరు, కార్డు చివరి నాలుగంకెలు జత చేసిన కాగితంలో ఉన్నాయి. ఒప్పుకున్న వాయిదాలు కాకుండా, మీరు మరో మూడు సార్లు నా కార్డు నుంచి డబ్బు తీసుకున్నారు. ఆ మూడింటిలో ఒక్కదాని గురించీ ముందుగా ఒక ఈ-మెయిల్ గానీ మెసేజ్ గానీ పంపలేదు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ చూసి మేమే అడిగాం. అడిగాక వచ్చిన జవాబులు కూడా ఒకదానికొకటి పొంతన లేవు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ప్రీమియం ఎక్కువగా ఉందని నేను ఫిర్యాదు చేయడం లేదు. కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలకు ప్రీమియం ఎందుకు ఎక్కువ వేస్తారో నాకు తెలుసు. 5 నుంచి 29 ఏళ్ల వయసు వాళ్ల మరణాలకు రోడ్డు ప్రమాదాలే అన్నిటికన్నా పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలో చెప్పింది. అది చదివిన తండ్రిని కాబట్టే, డ్రైవింగ్ తీరును గమనించే యాప్ ఉన్న పాలసీ కావాలని నేనే పట్టుబట్టాను. ఏడాది మొత్తం ఎంత, వాయిదాల మీద వడ్డీ ఎంత, నెలకు ఎంత అన్నవి చూసుకుని, అన్నిటికీ సరేనన్నాం. ఒక్క వాయిదా కూడా ఆలస్యం కాలేదు.

మొదటి వసూలు అడ్రస్ మార్పుకు సంబంధించింది. చదువు కోసం మా అమ్మాయి హాస్టల్‌కు మారింది. కారు రాత్రిపూట ఉండే చోటు మారితే మీకు తెలియజేయాలని పాలసీ పత్రంలో ఉంది. అందుకని ఇంకా సామాన్లు సర్దుకోకముందే తను మీ చాట్‌లోకి వెళ్లి సంగతి చెప్పింది. 'దీనికి నేను ఏమైనా కట్టాలా?' అని కూడా అడిగింది. మీ ప్రతినిధి కాసేపు ఆగమని, వివరాలు చూసి, 'మీ ప్రీమియంలో మార్పేమీ లేదు, అడ్రస్ మార్చేశాం' అని జవాబిచ్చారు. ప్రశ్న, జవాబు రెండూ ఒకే స్క్రీన్‌షాట్‌లో ఉన్నాయి, జత చేశాను. ఆ తర్వాత కొద్ది రోజులకే కార్డు నుంచి డబ్బు పోయింది. ఫోన్ చేస్తే, అది ప్రీమియం కాదు, పాలసీ మధ్యలో వివరాలు మార్చినందుకు తీసుకునే అడ్మిన్ ఫీజు అన్నారు. మరి ఏమైనా కట్టాలా అని పిల్ల అడిగినప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదు? ఎంత పడుతుందో చెప్పి 'సరేనా?' అని అడిగి ఉంటే కట్టేవాళ్లం. ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇందులో డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి వేరే ఉంది. 'నాన్నా, చెప్పకుండా ఊరుకుంటే ఈ ఫీజు పడేది కాదు కదా' అంది అమ్మాయి. నిజానికి చెప్పకుండా ఉంటే రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు అదే కారణంతో మీరు క్లెయిమ్ ఇవ్వకుండా పోవచ్చు. అది తనకు వివరించాను. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పిన పిల్లకు మొట్టమొదట ఎదురైన ఫలితం కార్డు మీద కోత. కొత్తగా బండి నడుపుతున్న పిల్లలు మీతో ఏదీ దాచకూడదని కోరుకునే కంపెనీ చేయాల్సిన పని ఇది కాదు.

రెండోది అన్నిటికన్నా పెద్ద మొత్తం. దాదాపు ఒక నెల వాయిదా అంత ఉంది. యాప్‌లో స్కోరు తగ్గిందని, రాత్రి డ్రైవింగ్ ఎక్కువైందని, అందువల్ల మిగతా కాలానికి ప్రీమియం పెంచి ఆ తేడాను ఒకేసారి తీసుకున్నామని మీవాళ్లు చెప్పారు. ఏ ప్రయాణాల వల్ల అని అడిగితే తేదీలు చదివి వినిపించారు. ఆ తేదీల్లో మా కారు షెడ్డులో ఉంది. క్లచ్ మార్చడానికి ఇచ్చాం. ఏ రోజు కారు తీసుకున్నారో, ఏ రోజు తిరిగి ఇచ్చారో షెడ్డు బిల్లు మీద రాసి ఉంది. ఆ రాత్రుల్లో మా అమ్మాయి స్నేహితురాలి కుటుంబంతో వాళ్ల కారులో వెనక సీట్లో కూర్చుని వచ్చింది. వాళ్ల నాన్నగారు నడిపారు.

మీ యాప్ ఫోన్‌లోని జీపీఎస్‌ను, కదలికలను పట్టే సెన్సర్లను ఆధారం చేసుకుని వేగం, సడన్ బ్రేకులు, మలుపులు, ఏ వేళ ప్రయాణం చేశారు అన్నవి లెక్కగడుతుంది. ఫోన్ ఎక్కడికి వెళ్లిందో దానికి తెలుస్తుంది గానీ, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో తెలియదు. ఈ సంగతి మీకూ తెలుసు కాబట్టే యాప్‌లో 'నేను నడపలేదు' అని గుర్తుపెట్టే వీలు ఇచ్చారు. మా అమ్మాయి ఆ ప్రయాణాలన్నిటికీ ఆ గుర్తు పెట్టింది. యాప్ తెరలో ఇప్పటికీ అలాగే కనిపిస్తున్నాయి. అయినా స్కోరు లెక్కలో వాటిని వదిలేయలేదు. షెడ్డులో క్లచ్ విప్పి ఉన్న కారు అర్ధరాత్రి రోడ్డు మీద ఎలా తిరుగుతుందో మీ ప్రతినిధిని అడిగాను. 'సిస్టమ్‌లో అలాగే ఉందండీ' అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద నాకు కోపం లేదు. అది చూసి సరిచేసే అధికారం ఆయనకు ఇవ్వని పద్ధతి మీదే నా ఫిర్యాదు.

మూడోది చిన్న మొత్తమే. స్టేట్‌మెంట్‌లో మీ కంపెనీ పేరు ఉంది, పక్కన 'సర్దుబాటు' అని ఉంది. దేనికి సర్దుబాటో ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. పైగా ఈ డబ్బు పోయింది కొత్త కార్డు నుంచి. పాత కార్డు గడువు తీరి బ్యాంకు కొత్తది పంపింది. దాని నంబరు నేను మీకు ఎప్పుడూ ఇవ్వలేదు. బ్యాంకును అడిగితే అసలు సంగతి తెలిసింది. కార్డు మారినప్పుడు కొత్త వివరాలు వ్యాపారులకు తమంతట తాము చేరిపోయే సదుపాయం వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఉందట. వాయిదా ఆగిపోయి పాలసీ రద్దు కాకుండా ఉండటానికి అది మంచి సదుపాయమే. కానీ నేను ఇవ్వని కార్డు నుంచి, నాకు తెలియని లెక్క కింద డబ్బు తీసుకోవడానికి అది పెట్టింది కాదు.

'పాలసీ కొన్నప్పుడు కార్డు వివరాలు, సీవీవీ (కార్డు మీద ఉండే రహస్య అంకెలు) మీరే ఇచ్చారు కదా, అదే అనుమతి' అని మీ చాట్‌లో ఒకరు అన్నారు. దీనికి జవాబు చెప్పాలి. సీవీవీని లావాదేవీ ఆమోదం పొందాక దాచుకోకూడదని, కార్డు వివరాల భద్రత కోసం పెట్టిన పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణాల నియమం. అంటే ఆ రోజు నేను ఇచ్చిన సీవీవీ ఆ రోజు చెల్లింపుతోనే అయిపోయింది. తర్వాతి వసూళ్లన్నీ మీరు దాచుకున్న కార్డు వివరాలతో మీ వైపు నుంచి మొదలుపెట్టినవి. అలా దాచుకున్న కార్డును దేనికి, ఎప్పుడు వాడతారో కార్డుదారుకు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుల నియమాలే చెబుతున్నాయి. నేను ఒప్పుకున్నది నెలవారీ వాయిదాకు. మొత్తం మారేటప్పుడు మళ్లీ అడగాలి. కనీసం ముందుగా చెప్పాలి, మాకు కాదనే వ్యవధి ఇవ్వాలి.

బ్యాంకులో చార్జ్‌బ్యాక్ వేసి ఈ డబ్బు వెనక్కి తెచ్చుకునే దారి నాకు ఉంది. బ్యాంకువాళ్లు ఫారం కూడా ఇచ్చారు. కానీ ఆ దారిలో వెళితే చెల్లింపు ఎగ్గొట్టినట్టు లెక్కగట్టి మీరు పాలసీ రద్దు చేస్తారేమోనని టెన్షన్. ఇన్సూరెన్స్ లేని కారును రోడ్డెక్కించడం నేరం. పైగా 'గతంలో ఏ కంపెనీ అయినా మీ పాలసీ రద్దు చేసిందా?' అని వేరే కంపెనీలు అడుగుతాయి. ఆ ప్రశ్నకు అవునని రాయాల్సి వస్తే, ఇప్పుడిప్పుడే మొదలైన మా అమ్మాయి డ్రైవింగ్ చరిత్ర మీద అది చాలా ఏళ్లు మచ్చగా ఉండిపోతుంది. తప్పు మీ లెక్కలో ఉంటే శిక్ష పిల్లకు పడుతుంది. ఈ భయం వల్లే చాలామంది తల్లిదండ్రులు ఇలాంటి కోతలు చూసి కూడా మాట్లాడకుండా ఊరుకుంటారని నాకు అనిపిస్తోంది. నేను ఊరుకోదలచుకోలేదు. అందుకే ముందు మీకే రాస్తున్నాను.

రెండో వసూలును పూర్తిగా వాపసు ఇవ్వాలి, ఆ ప్రయాణాలను తీసేసి స్కోరు మళ్లీ లెక్కగట్టి, ప్రీమియం పాత మొత్తానికి తేవాలి. మూడోదానికి కారణం, పాలసీలోని ఏ నిబంధన కింద తీసుకున్నారో రాసి పంపండి. చూపలేకపోతే అదీ వాపసు ఇవ్వండి. అడ్మిన్ ఫీజు మాట పాలసీ పత్రంలో ఉందని మీరు చూపిస్తే ఆ మాట కాదనను. కానీ అడిగిన ప్రశ్నకు తప్పుదారి పట్టించే జవాబు ఇచ్చాక తీసుకున్నది కాబట్టి, దాన్ని కూడా తిరిగి ఇవ్వాలనే కోరుతున్నాను. మా అమ్మాయి పేరున యాప్ సేకరించిన ప్రయాణాల వివరాలన్నీ తనకు పంపండి, తను విడిగా ఈ-మెయిల్ కూడా పెట్టింది.

నెలవారీ వాయిదా తప్ప మరే మొత్తానికీ నా కార్డు వాడటానికి ఈ లేఖ ద్వారా అనుమతి ఉపసంహరించుకుంటున్నాను. వాయిదాలు మాత్రం ఎప్పటిలాగే కడతాం. ఈ ఫిర్యాదు తేలేవరకు పాలసీ అమల్లోనే ఉంటుందని, రద్దు నోటీసు గానీ బకాయి గుర్తు గానీ పెట్టరని రాతపూర్వకంగా తెలియజేయండి. అన్నిటికన్నా ముందు నాకు కావాల్సింది ఆ కాగితమే. మిగతా లెక్కలు చూడటానికి మీకు సమయం పడితే ఆగుతాను.

జవాబు ఫోన్‌లో వద్దు, ఈ-మెయిల్‌లో ఇవ్వండి. వచ్చే వాయిదా తేదీలోగా అది అందకపోతే, ఇవే కాగితాలతో చార్జ్‌బ్యాక్ ఫారం బ్యాంకులో ఇస్తాను, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కూ పంపుతాను.

ఇట్లు,
కార్డుదారు, పాలసీదారు తండ్రి

జత చేసినవి: గుర్తుపెట్టిన కార్డు స్టేట్‌మెంట్, అడ్రస్ మార్పు చాట్ స్క్రీన్‌షాట్, షెడ్డు బిల్లు, యాప్‌లో 'నేను నడపలేదు' అని ఉన్న ప్రయాణాల స్క్రీన్‌షాట్లు, పాలసీ మొదటి పేజీ.