బాఫ్టా జవాబు తప్పు: వెనక మూత విప్పి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పోటీ పరీక్షల పేజీలో వేసిన ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. "బాఫ్టా సంస్థ సినిమా, టీవీ అవార్డులను ఏ సంవత్సరం నుంచి ఇస్తోంది?" అని అడిగి నాలుగు సంవత్సరాలు ఇచ్చారు. బాఫ్టా అంటే బ్రిటన్‌లో సినిమా, టీవీ వాళ్ల అకాడమీ. పేజీ అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబుల్లో 1947 అని వేశారు. మా చిన్నమ్మాయి గ్రూప్-2కు చదువుతోంది. ఆమె 1949 అని టిక్కు పెట్టింది. ఆమె స్నేహితురాలు 1976 అంది. ఇద్దరూ మా షాపులో సోల్డరింగ్ బల్ల మీద పేపరు పరిచి గంటసేపు వాదించుకున్నారు. నేను టీవీ మెకానిక్‌ని. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర సందులో ముప్పై ఏళ్లకు పైగా అదే పని. బల్ల నాది, టీవీలు నావి, అయినా వాళ్లు నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నీ కాదు లెండి, అప్పటికి నాకూ తెలియదు.

మర్నాటి నుంచి అది నాకే టెన్షన్ అయి కూర్చుంది. పిల్లలు కోచింగ్‌కు వేలకు వేలు కట్టి ఒక్కో మార్కుకు ప్రాణం పెడుతుంటే, జవాబు తప్పయితే ఎట్లా? మా దగ్గర సెట్టు బాగుచేయించుకునే ఇంగ్లిషు లెక్చరర్ గారొకరు ఉన్నారు. ఆయన ఇంట్లో రెండు పుస్తకాలు దొరికాయి. నాకు రాని చోట ఆయన చదివి చెప్పారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

సంస్థ పుట్టింది 1947 ఏప్రిల్ 16న, లండన్‌లో హైడ్ పార్క్ హోటల్లో. అంతవరకు మీ జవాబు ఒప్పే. కానీ ఆ రోజు పుట్టినదాని పేరు బాఫ్టా కాదు, బ్రిటిష్ ఫిల్మ్ అకాడమీ. పేరులోనే టీవీ లేదు. డేవిడ్ లీన్ మొదటి అధ్యక్షుడు. అలెగ్జాండర్ కోర్డా, కరోల్ రీడ్, లారెన్స్ ఒలీవియే, మైఖేల్ పావెల్ లాంటి వాళ్లు మొదట్నుంచీ ఉన్నారు. అందరూ సినిమా తీసేవాళ్లు, ఆడేవాళ్లు, రాసేవాళ్లు. సర్కారు పిలిస్తే వచ్చినవాళ్లు కాదు, వాళ్లకు వాళ్లే కూడుకున్నారు.

ఆ ఏడూ ఆ మరుసటేడూ వాళ్లు ఎవరికీ ఏ బహుమతీ ఇవ్వలేదు. మొదటి అవార్డులు 1949 మే 29న, లెస్టర్ స్క్వేర్‌లోని ఓడియన్ సినిమా హాల్లో. ఇచ్చింది 1947లో వచ్చిన సినిమాలకు. 1947 అనే అంకె మీ పేజీలోకి అక్కడి నుంచి కూడా జారి ఉండొచ్చు. అప్పుడు బహుమతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే: ఒకటి ఎక్కడి సినిమా అయినా సరే మంచిదానికి, ఒకటి బ్రిటిష్ సినిమాకు, ఒకటి ప్రత్యేక బహుమతి. హీరోకు లేదు, హీరోయిన్‌కు లేదు. నటులకు ఇవ్వడం 1952 సినిమాల నుంచి మొదలైంది. ఈ ముక్క విని మా అమ్మాయి నమ్మలేదు. హీరోకు ఇవ్వని అవార్డు ఉంటుందా నాన్నా అంది.

ఇక టీవీ సంగతి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే మీ ప్రశ్న తప్పిందంతా ఇక్కడే.

బీబీసీ వాళ్లు 1936లోనే టీవీ మొదలుపెట్టారు. 1939లో యుద్ధం రాగానే ఆపేశారు, 1946 జూన్‌లో మళ్లీ తెరిచారు. అంటే ఆ హోటల్లో సినిమా వాళ్లు కూర్చునే నాటికి టీవీ తిరిగి లేచి ఏడాది కూడా కాలేదు. టీవీలో పనిచేసేవాళ్లు తర్వాత, 1950ల్లో, తమకంటూ ఒక గిల్డ్ పెట్టుకున్నారు: గిల్డ్ ఆఫ్ టెలివిజన్ ప్రొడ్యూసర్స్ అండ్ డైరెక్టర్స్. వాళ్ల అవార్డులు 1955లో మొదలయ్యాయి, ఆరు విభాగాల్లో. ఇవి రెండు వేరు వేరు ఇళ్లు. 1958లో రెండూ కలిసి సొసైటీ ఆఫ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్ట్స్ అయ్యాయి. ఈ పేరు జనం నోటికి అంతగా ఎక్కినట్టు లేదు, నాకే రెండుసార్లు కొట్టేసి రాసుకోవాల్సి వచ్చింది. 1976 మార్చిలో బ్రిటిష్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్ట్స్, అంటే బాఫ్టా, అనే పేరు పెట్టుకున్నారు. అదే ఏడు పికడిల్లీ వీధిలో 195 నంబరు భవనంలోకి చేరారు. అంతకుముందు అది నీటి రంగుల చిత్రకారుల సంస్థది. రాణి, ఆమె భర్త వచ్చి ప్రారంభించారు. మౌంట్‌బాటన్ కూడా వచ్చాడు.

అవును, ఆ మౌంట్‌బాటనే. 1966 నుంచి 1972 దాకా ఈ సొసైటీకి అధ్యక్షుడు ఆయన. 1947 ఏప్రిల్‌లో లండన్‌లో లీన్ బృందం హోటల్లో కూర్చున్నప్పుడు ఈయన ఢిల్లీలో వైస్రాయ్‌గా మన లెక్కలు తేలుస్తున్నాడు. మా పాలమూరు అప్పటికి నిజాం రాజ్యం, ఆయన లెక్కలు మా దాకా వచ్చేసరికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. మా నాయిన ఉంటే ఈ ముక్కకు ఒక బీడీ ముట్టించి, "ఇంత పెద్ద దొరకు సినిమా వాళ్ల దగ్గర ఏం పని పడిందిరా" అనేవాడు.

మీరు ఇచ్చిన నాలుగు సంవత్సరాల్లో 1955 లేనే లేదు. సినిమా అవార్డులా అంటే 1949. టీవీవా అంటే 1955. బాఫ్టా అనే పేరుతోనా అంటే 1976. ఏది అడుగుతున్నారో తేల్చకుండా అన్నీ ఒక మూటగట్టి 1947 అంటే, చదివిన పిల్లకే మార్కు పోతుంది.

నాకెందుకు ఇంత పట్టింపు అంటారేమో. 1976 అన్న అంకె దగ్గర నాకొక సొంత కథ ఉంది.

1975 ఆగస్టులో నేను ఐదో తరగతి. మాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. పట్నంలో ఉన్న మా మేనత్త కొడుకులు ఇంకా టీవీ మొహం చూడలేదు, మేం చూశాం. హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది 1977లో కదా. మాకు రెండేళ్ల ముందే ఎట్లా వచ్చిందంటే, సైట్ అనే ప్రయోగం. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మన ఇస్రో ఏడాది పాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్లు. అందులో మన మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. సెట్లు హైదరాబాద్‌లోని సర్కారు ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో చేసినవి. యాంటెన్నా అంటే ఏదో అనుకున్నాం, తీరా చూస్తే కోళ్ల గూటికి కొట్టే ఇనుప వల, పది అడుగుల గొడుగు లాగా తిప్పి బడి ముందు నిలబెట్టారు. మా ఊరి ముసలామె ఒకామె దాని కింద నిలబడి, వానొస్తే ఆగదు కదా బిడ్డా, ఎందుకిది అని సారును అడిగింది.

పొద్దున బడి పిల్లలకు సైన్సు, సాయంత్రం ఊరందరికీ సేద్యం, ఆరోగ్యం, ఇద్దరు పిల్లలు చాలు అనే మాట. ఢిల్లీ నుంచి ఒక అరగంట హిందీ. మగవాళ్లు సగం మంది గుంపు మేస్త్రీల వెంట శ్రీశైలం డ్యాము పనికి పోయి ఉండేవారు. అందుకని బడి అరుగు మీద చూసేది ఆడవాళ్లూ, ముసలివాళ్లూ, మేమూ. ఎరువు ఎంత వేయాలో టీవీ సారు చెబుతుంటే, వేయాల్సిన మనిషి శ్రీశైలంలో రాళ్లు మోస్తుండేవాడు.

1976 జూలై 31తో ఏడాది గడువు అయిపోయింది. అమెరికా వాళ్లు ఉపగ్రహాన్ని తీసేసుకున్నారు. మర్నాడు సాయంత్రం కూడా మేం పోయి కూర్చున్నాం. సారు స్విచ్ వేశాడు. గొర్రె ఉన్ని రంగులో చుక్కలు, బుస్సుమనే చప్పుడు. వారం రోజులు అట్లాగే పోయి కూర్చున్నాం. తర్వాత సెట్టుకు గుడ్డ కప్పారు. ఒకరోజు సారు లేనప్పుడు నేను ఆ గుడ్డ ఎత్తి, సెట్టు వెనక్కి పోయి మూత సందుల్లోంచి చూశాను. లోపల గాజు మెడ, రాగి తీగ చుట్టలు, దుమ్ము. బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందో అప్పుడు వెతికినవాణ్ని, ఇప్పటికీ అదే పని చేసుకుని బతుకుతున్నాను. లండన్‌లో టీవీ అనే మాట అకాడమీ పేరులోకి ఎక్కిన ఏడాదే మా ఊళ్లో టీవీ ఆరిపోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కన రాసుకున్నాను.

ఇప్పుడు బాఫ్టా బొమ్మ గురించి. మీరు అదే పేజీలో దాని ఫొటో వేసి, కింద "బ్రిటిష్ ఆస్కార్" అని రాశారు. నాటకాల్లో పెట్టుకునే ముఖం లాంటి కంచు బొమ్మ. దాన్ని చేసింది మిట్జీ కన్లిఫ్ అనే శిల్పి, అమెరికాలో పుట్టిన ఆమె. చేసింది 1955లో. ఎవరి కోసం? సినిమా వాళ్ల కోసం కాదు, టీవీ గిల్డ్ కోసం. సినిమా అకాడమీకి అప్పుడు వేరే బహుమతి ఉండేది. రెండిళ్లూ కలిసిన కొన్నేళ్లకు టీవీ వాళ్ల ముఖమే సినిమా వాళ్లకు కూడా ముఖం అయింది. ఈరోజు పెద్ద పెద్ద హీరోలు చేతిలో పట్టుకుని ఫొటో దిగేది మా టీవీ వాళ్ల బొమ్మ.

లెక్చరర్ గారు ఇంకో ముక్క చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఆ ముఖం వెనకవైపు గుంటగా ఉంటుందట. అక్కడ ఒక కంటి చుట్టూ ఎలక్ట్రానిక్ గుర్తు, ఇంకో కంటి చుట్టూ టీవీ తెర గుర్తు చెక్కి ఉంటాయట. సార్, మీ ఫొటోలో ముందువైపే ఉంది. ఎవరి ఫొటోలో అయినా అంతే. నా బతుకంతా సెట్లను గోడవైపు తిప్పి వెనక మూత విప్పడంతోనే గడిచింది. ఆ శిల్పి నాలాంటి వాడు చూసే చోట గుర్తు పెట్టింది.

"బ్రిటిష్ ఆస్కార్" అనే మాట దయచేసి మానండి. ఆస్కార్ ఇచ్చే అకాడమీ సినిమాలకే ఇస్తుంది, అమెరికాలో టీవీకి ఎమ్మీలు వేరే. లండన్‌లో రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి, అదే దాని ప్రత్యేకం. 1998 నుంచి వేడుకలు మాత్రం వేరు చేసుకున్నారు.

మన దేశంలో ఇది ఇంకో దారి. 1954లో జాతీయ సినిమా అవార్డులు మొదలుపెట్టింది కేంద్ర ప్రభుత్వం. మొదటి ఏడు బంగారు పతకం మరాఠీ సినిమా 'శ్యామ్‌చీ ఆయీ'కి. నిర్ణయించేది జ్యూరీ, సభ్యులు ఓటేసే అకాడమీ కాదు. టీవీకి అందులో చోటు లేదు. పుణెలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వస్తే, టీవీ శిక్షణ అక్కడికి చేరింది 1974లో. అక్కడా టీవీ చిన్న తమ్ముడే. మా మహబూబ్‌నగర్‌లో అయితే అకాడమీ అంటే పోలీసు ఉద్యోగాలకు పరుగు నేర్పే చోటు. మెట్టుగడ్డ దాకా బోర్డులే బోర్డులు. బాఫ్టా అకాడమీలో ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాలి అంకుల్ అని మా అమ్మాయి స్నేహితురాలు నన్ను ఆటపట్టించింది.

మన రాష్ట్రం 2025 జూన్‌లో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. నల్లగొండ ప్రాంతపు మనిషి కాంతారావు పేరు మీద కూడా ఒకటి పెట్టారు, సంతోషం. వాటి గురించి మీరు రాసినప్పుడు హీరోల ఫొటోలతో రెండు పేజీలు నిండాయి. 1988 నాటి 'దాసి' సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వస్తే, అందులో దుస్తులకు వచ్చిన అవార్డు మన మిర్యాలగూడ మనిషి సుదర్శన్‌ది. ఆ పేరు మా అమ్మాయికి తెలియదు, ఆమె కొన్న ఏ గైడ్‌లోనూ లేదు. ఆ సినిమా హీరోయిన్ అర్చన పేరు మాత్రం ఉంది.

నేను అడిగేది రెండే. ఒకటి, వచ్చే ఆదివారం అదే పేజీలో జవాబుకు సవరణ వేయండి. మూలన చిన్న అక్షరాల్లో కాకుండా ప్రశ్న వేసినంత సైజులో వేయండి. మా అమ్మాయి వాళ్ల కోచింగ్‌లో మీ పేజీలోంచే ప్రశ్నలు తీసి మాక్ టెస్టు పెడుతున్నారు, వచ్చేది ఇరవయ్యో తారీఖున ఉంది. రెండు, మరో వారం ఈ ప్రశ్న వేసి చూడండి: 1975లో ఉపగ్రహం ద్వారా టీవీ చూసిన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఆ ప్రసారాలు ఏ తేదీతో ఆగిపోయాయి? జవాబు పైన రాశాను. యాంటెన్నా దేనితో చేశారో కూడా అడగొచ్చు.

నోట్‌బుక్ జిరాక్సు కావాలంటే పంపిస్తాను. మంగళవారం షాపు బంద్ ఉంటుంది.

ఇట్లు,
ఒక పాత టీవీ మెకానిక్,
మహబూబ్‌నగర్.