మాంత్రికుడి కథకి సందేశం ఎందుకండీ?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కథల పోటీ ప్రకటన చూశాను. మూడు పేజీల నిడివి, గడువు, హామీ పత్రం, అన్నీ ఎప్పుడూ ఉండేవే. నాకు గుచ్చుకున్నది మధ్యలో ఉన్న ఒక్క నియమం. కథ సమకాలీన జీవితాన్ని చూపించాలి, మంచి సందేశం ఉండాలి, జానపద, ఫాంటసీ కథలు పంపవద్దు అని రాశారు. ఈ మాట మీరొక్కరే రాయలేదు, చాలా పోటీల్లో చూస్తూనే ఉన్నాను, కాబట్టి మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. కానీ చాలా ఏళ్లుగా ఫాంటసీయే రాస్తున్నదాన్ని, నా గోడు ఎక్కడో ఒక చోట చెప్పుకోవాలి కదా. నిడివి ఎక్కువైతే కత్తిరించండి, గుణాఢ్యుడి సంగతి మాత్రం ఉంచండి.

ఫాంటసీ రాస్తానని చెప్తే వచ్చే మొదటి ప్రశ్న "పిల్లల కథలా అండీ?" కాదంటే రెండోది "అయితే సినిమాకి బాగుంటుంది." ఇది మెచ్చుకోలు అని నాకు తెలుసు, చెప్పేవాళ్లు ప్రేమగానే చెప్తారు, అయినా ఒక నవల రాసి చేతికిస్తే అది ఇంకేదో అవ్వడానికి బాగుంటుందనడం ఎలాంటి మెచ్చుకోలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2015లో బాహుబలి వచ్చినప్పుడు మాహిష్మతి ఏ జిల్లాలో ఉందని హాల్లో ఒక్కరూ అడగలేదు. కాలకేయులు మాట్లాడింది మదన్ కార్కి కల్పించిన కిలికి భాష, ఒక్క ముక్క అర్థం కాకపోయినా జనం ఈలలు వేశారు, ఇళ్లకి వెళ్లి పిల్లలు అదే భాష పలికారు. అదే జనం పుస్తకం దగ్గరికొచ్చేసరికి "లేని ఊరి గురించి ఎందుకమ్మా రాయడం" అంటారు. తెర మీద గ్రాఫిక్స్‌కి డబ్బు ఖర్చయింది కాబట్టి నమ్మాలి, కాగితం మీద ఖర్చు లేదు కాబట్టి నమ్మక్కర్లేదు, అంతేనా?

ఇక మూడో మాట. ఈ ఫాంటసీ మనది కాదు, ఇంగ్లీషు పుస్తకాలు చదివి పట్టుకొచ్చారు అని. దీనికి మాత్రం నేను ఊరుకోను, ఎందుకంటే మాది నంద్యాల పక్క. సంక్రాంతి దాటగానే అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి పార్వేటకి బయల్దేరతాడు. నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు, ముప్పైకి పైగా ఊళ్లు. దేనికి? తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికి. పెళ్లికూతురు చెంచులక్ష్మి, నల్లమల అడవి పిల్ల, అందుకే చెంచులు ఆయన్ని మా అల్లుడు అంటారు. దేవుడే శుభలేఖ పంచుకుంటూ పల్లెకొచ్చి ఒక పూట ఆగి పోయే నేల మీద పుట్టి, నేను మాయల కథలు ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకోవాలా?

ఇంకో గొప్ప కూడా చెప్పుకోవాలి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం అనే కావ్యం రాసి అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకి. పురాణంలోంచి తీసుకున్న కథ కాదు, మొత్తం ఆయన అల్లుకున్నదే. రంభ వేషంలో ఒకామె తిరుగుతుంటే అసలు రంభ ఎదురుపడుతుంది, ఇద్దరూ నేనే రంభనంటే నేనే రంభనని తగువుకి దిగుతారు. ఒక సిద్ధుడు సింహమెక్కి ఆకాశంలో పోతుంటాడు. వీటన్నిటి కింద అసలు చిక్కుముడి ఏమిటంటే, బ్రహ్మ సరస్వతితో సరసంగా ఒక కథ చెప్తాడు, ఆ కథలోని మనుషులు నిజంగానే భూమ్మీద పుట్టి దాన్ని బతకాల్సి వస్తుంది. ముందెప్పుడో చెప్పిన సంగతికి కారణం ఎంతో దూరం పోయాక గానీ తెలియదు. ఇప్పుడు ఎవరైనా ఇలాంటి నవల రాస్తే పాఠకుడికి కన్ఫ్యూజన్ అని పక్కన పెడతారు. అప్పటి రసికులకి రాని కన్ఫ్యూజన్ మనకెందుకు వస్తుందో ఎవరైనా ఆలోచించారా?

నియమాలు పెట్టే పెద్దవాళ్ల భయం నాకు అర్థం కాకపోలేదు. 1980లలో క్షుద్ర నవలలు వారపత్రికల్ని ముంచెత్తాయి, చేతబడులూ పిశాచాలూ అని జనాన్ని భయపెట్టి అమ్ముకుంటున్నారని అభ్యుదయ రచయితలు గట్టిగానే విమర్శించారు, ఆ విమర్శలో న్యాయముంది. పల్లెల్లో చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు నిజంగా ఉన్నాయి కదా. కాకపోతే ఆ దెబ్బకి దెయ్యం కనిపించిన ప్రతి కథా మూఢనమ్మకాల ఖాతాలో పడిపోయింది. ఇక్కడ నాకు కొడవటిగంటి కుటుంబరావు గారు గుర్తొస్తారు. ఆయన కంటే హేతువాది ఎవరండీ? ఆయనే 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామని నడిపారు. నెల నెలా శవం భుజాన వేసుకుని నడిచే రాజు, శవంలోంచి మాట్లాడే భేతాళుడు. దాసరి సుబ్రహ్మణ్యం గారు అదే ఆఫీసులో కూర్చుని తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ లాంటి సీరియల్స్ రాశారు, అచ్చులో ఆయన పేరు కూడా ఉండేది కాదు. చదివిన పిల్లలెవరూ పెద్దయ్యాక నరబలులివ్వలేదు. చాలామంది చక్కగా తెలుగు నేర్చుకున్నారు, నాతో సహా. కల్పన అని తెలిసి చదివేదానికీ నిజమని నమ్మించి అమ్మేదానికీ ఉన్న తేడా కుటుంబరావు గారికి తెలుసు, మనమే మర్చిపోయాం.

సరే, సందేశం దగ్గరికి వస్తాను, అసలు బాధ అదే కాబట్టి.

బుర్రకథ చూసినవాళ్లకి తెలుసు, ముగ్గురుంటారు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, చెరో పక్కా గుమ్మెటలు వాయిస్తూ వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. కథ మధ్యలో అడ్డుపడి ఊళ్లో కరువు గురించి, పన్నుల గురించి, దొరల గురించి మాట్లాడడం ఆ రాజకీయ వంత పని. అంటే సందేశానికి వేరే మనిషి, వేరే గొంతు ఉండేవి, కథకుడు వీరుణ్ణి గుర్రమెక్కించి యుద్ధానికి తీసుకుపోయే పనిలో ఉండేవాడు. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఈ కళని ప్రచారానికే వాడిందనీ, పేరున్న బుర్రకథకుడు షేక్ నాజర్ గొంతెత్తితే కథ మొత్తం రాజకీయమేననీ ఎవరైనా అనొచ్చు, నిజమే. కానీ నాజర్ కూడా బొబ్బిలి యుద్ధం చెప్పేటప్పుడు ముందు జనాన్ని బొబ్బిలి కోటలోకి లాక్కుపోయేవాడు, ఆ తర్వాతే మిగతావన్నీ. ఇప్పుడు మీరేమో మూడు పేజీల్లో కథకుడూ, హాస్యమూ, రాజకీయమూ అన్నీ నన్నే అవ్వమంటున్నారు!

వినేవాళ్ల సంగతి కూడా అంతే. రాత్రి పూట మా అవ్వ కథ చెప్తుంటే మేం ఊఁ కొట్టాలి, ఊఁ ఆగితే కథ ఆగిపోయేది, ఎవరు నిద్రపోయారో చూసుకునేది. ఆ ఊఁ అంటే 'అర్థమైంది' అని కాదు, 'ఒప్పుకుంటున్నాను' అని కాదు, తర్వాత ఏమైందో చెప్పమని. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు నిలబడింది కూడా అడిగేవాడి మీదే. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుకి ఒక గొల్లపిల్లవాణ్ణి రమ్మంటాడు. వాడు పెట్టిన షరతు చూడండి, మజిలీ మజిలీకీ తను చూసిన వింత గురించి అడుగుతాడట, దానికి కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్ణించే వెనక్కి. గురువుగారు పాపం చచ్చినట్టు చెప్తాడు. శ్రోతకి అంత అధికారం ఇచ్చిన పుస్తకం మన దగ్గర ఉంది. ఆ అధికారంతో వాడు అడిగేదల్లా 'ఇదేమిటి, ఇలా ఎందుకుంది' అని. 'దీనివల్ల సమాజానికి లాభమేమిటి' అని వాడు ఒక్కసారి అడిగినా కాశీ దాకా వెళ్లేవాళ్లు కాదు.

గుణాఢ్యుడి కథ అందరూ సగమే చెప్తారు. ఏడు లక్షల శ్లోకాల బృహత్కథని పైశాచీ భాషలో తన నెత్తురుతో రాసి పంపితే శాతవాహన రాజు ఆ భాషని చూసి ఈసడించి తిప్పి పంపాడు, మనసు విరిగి అడవిలో మంట పెట్టి ఒక్కో పత్రం చదివి కాల్చేశాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఈ కథ చెప్పే సంస్కృత గ్రంథం కథాసరిత్సాగరంలో తర్వాత వచ్చే ముక్క నాకు ఇంకా ఇష్టం. అతను చదువుతుంటే అడవిలో జంతువులన్నీ చుట్టూ చేరి మేత మానేసి కళ్లనీళ్లతో విన్నాయట. మేత లేక చిక్కిపోయాయి. రాజుగారి వంటింటికి వచ్చే మాంసం ఎండిపోయి, అది తిని రాజుకి జబ్బు చేసింది. వంటవాళ్లని అడిగితే వేటగాళ్లని చూపించారు, వేటగాళ్లని అడిగితే అడవిలో ఎవరో కథ చెప్తున్నాడండీ, జంతువులు మేయడం లేదండీ అన్నారు. అప్పుడు పరిగెత్తుకొచ్చాడు రాజు. అప్పటికి ఆరు లక్షలు బూడిద, మిగిలింది లక్ష. రాజుకి కథ విలువ తెలిసింది భోజనం పాడయ్యాక! రచయితలందరికీ ఇది చదివి కాస్త కక్ష తీరినట్టుంటుంది, దాచుకోవడమెందుకు.

నా సొంత అనుభవం ఒకటి. నేను రాసిన ఒక కథలో, చనిపోయినవాళ్లు దాటాల్సిన వైతరణి నది రేవులో ఒక గుమాస్తా ఉంటాడు, చనిపోయి వచ్చినవాళ్ల బాకీల లెక్క తేలిస్తేనే పడవ ఎక్కనిస్తాడు. ఒక రైతు వస్తాడు, అతని బాకీ అతను చేసింది కాదు, తాత చేసింది, వడ్డీ మీద వడ్డీ. గుమాస్తా చిట్టా తిరగేస్తూ పోతే అప్పిచ్చిన షావుకారు ముత్తాత అదే రేవులో ఇంకా పడవ కోసం ఎదురు చూస్తూ కూర్చుని ఉంటాడు. ఈ కథ ఒక పత్రికకి పంపాను. సమకాలీన సమస్యలు ప్రతిబింబించలేదని తిరిగొచ్చింది. అప్పుల్లో పోయిన రైతు సమకాలీనం కాదా అని అడుగుదామనుకున్నాను, అడగలేదు. కథలో పడవ ఉన్నందుకు తిప్పి పంపారు కాబోలు.

ఆ కథలో నేను ఎక్కువ కష్టపడింది రైతు బాధ రాయడానికి కాదు. రేవుకి నియమాలు పెట్టడానికి. గుమాస్తాకి జాలి కలిగితే ఏం చేయగలడు, ఏం చేయలేడు? లెక్క తప్పు రాస్తే ఎవరికి తెలుస్తుంది, తెలిస్తే ఏమవుతుంది? ఇవి గట్టిగా లేకపోతే రైతు ఎంత ఏడ్చినా పాఠకుడికి తగలదు, గుమాస్తా ఎప్పుడో ఒకప్పుడు మనసు మార్చుకుంటాడులే అనుకుంటాడు. పాత కథలు చెప్పినవాళ్లకి ఇది బాగా తెలుసు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ అన్ని మాయలూ చేయగలడు, మనుషుల్ని రాళ్లు చేయగలడు, కానీ ప్రాణం మాత్రం ఎక్కడో చిలకలో ఉంది, దాన్ని తనతో పెట్టుకోలేడు. అంత బలానికి అంత బలహీనత. ఫాంటసీ అంటే ఏదైనా జరగొచ్చు, తేలిక కదా అనేవాళ్లు ఒకసారి రాసి చూడండి. ఏదైనా జరిగే చోట ఏది జరిగినా ఎవరికీ పట్టదు.

ఇలాంటి లోకం మూడు పేజీల్లో నిలబడదు. నిలబెట్టడానికే రెండు పేజీలు పోతాయి. అందుకే నా కోరిక పోటీ నియమం మార్చమని మాత్రమే కాదు, అది మారిస్తే మంచిదే. అనుబంధంలో వారానికి ఒక పేజీ ఫాంటసీ సీరియల్‌కి ఇవ్వండి. నాదే వేయమని అడగడం లేదు, కొత్తవాళ్లని పిలవండి. ఫోన్లలో పేజీలకి పేజీలు రాస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లకి కావలసింది తప్పులు దిద్దే ఎడిటర్, వారం వారం గడువు, బొమ్మ వేసే చేయి. బొమ్మ మాత్రం కంప్యూటర్ చేత గీయించకండి దయచేసి, చందమామలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు చూసి పెరిగిన కళ్లు ఇంకా మిగిలున్నాయి. సందేశం ఉందా అని ముందే అడగొద్దు. పది వారాలు వేయండి. ఈలోపు పాఠకులు ఉత్తరాలు రాసి తిడితే ఆపేయండి, అసలు ఉత్తరాలే రాకపోయినా ఆపేయండి. కథ ఏ వారమైనా ఒక్కసారి తప్పితే ఆఫీసుకి ఫోన్లు వస్తాయో రావో కూడా లెక్క పెట్టుకోండి, మీ సర్క్యులేషన్ వాళ్లకి ఆ లెక్క నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక ఫాంటసీ రచయిత్రి,
నంద్యాల జిల్లా