ముచ్చట మనది, మంట దానిది

సంపాదక మహాశయా,

పెంపుడు కుక్కలకు గులాబీ, నీలం రంగులు పూసి ఫొటోలు తీయడం కొందరికి సరదాగా మారింది. అందుకు వాడే మనుషుల జుట్టు రంగుల్లో చాలావాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా, పారాఫెనిలిన్‌డయమిన్ వంటి ఘాటు రసాయనాలు ఉంటాయి. కుక్క చర్మం మన చర్మంకంటే పలుచన. బొచ్చు కింద చర్మం కాలినా వెంటనే కనబడదు. ఒక్కోసారి రోజుల తర్వాతే బయటపడుతుంది. పైగా కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది, ఆ సంగతే మనం మరుస్తాం! రంగు వేసేముందు జుట్టును తెల్లబరిచే బ్లీచ్ కడుపులోకి వెళితే వాంతులు, నోట్లో, జీర్ణాశయంలో పుండ్లు రావచ్చు. కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇప్పటికే పూసినవారు గోరువెచ్చని నీటితో బాగా కడిగి, నాకనివ్వకుండా, ఆ రంగు డబ్బాతో సహా పశువైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో వాంతి చేయించబోవద్దు. ‘జంతువులకు వాడరాదు’ అని ప్యాకెట్లపై పెద్ద అక్షరాలతో ముద్రించాలని తయారీదారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు