మా మేనకోడలి బడి మేడమ్‌కు, సారుకు కృతజ్ఞతలు

మా అక్క రాయమంటే రాస్తున్నా. ఆమెకు చదువు రాదు. నాకేమో బెంగళూరులో డ్రైవింగ్ డ్యూటీల నడుమ ఇన్నాళ్ళూ కుదరలేదు.

మాది కర్నూలు జిల్లా కోసిగి పక్క పల్లె. సొంత చేలో పత్తి ఏరుకోవడం అయిందంటే సగం ఊరు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతుంది. మిరప కోతలు అయ్యేదాకా ఇళ్ళకు తాళాలే. పెద్దోళ్ళతోపాటు పిల్లలూ బండెక్కుతారు. తొమ్మిదో తరగతి పిల్ల అంటే కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లెక్కలో ఒక కూలీ, ఆమెకూ కలిపే అడ్వాన్సు ఇస్తాడు.

నిరుడు దీపావళికి నేను ఊళ్ళోనే ఉన్నా. ఒక సాయంత్రం లెక్కల మేడమ్, తెలుగు సారు ఇంటికొచ్చినారు. అక్కాబావ ఇంకా చేలోనే ఉండిరి. "మళ్ళీ వస్తాం" అని పోయినారు. అందరూ అనే మాటే కదా అనుకున్నా. రాత్రి అన్నాల వేళకు నిజంగానే వచ్చినారు. పిల్ల బడిలో ఏం చేసిందోనని అక్కకు ఒకటే భయం.

వాళ్ళు చాప మీద కూర్చొని ముందు అవ్వ మోకాళ్ళ నొప్పి సంగతి అడిగినారు. ఎప్పుడు బయల్దేరతారు, అక్కడ పిల్ల తమ్ముణ్ణి, మా చిన్నోణ్ణి, ఎవరు చూసుకుంటారు, తిరిగి ఎప్పుడొస్తారు, ఇవే మాటలు. ఆ మాటల్లోనే గూట్లో ఉన్న పాత నోటుపుస్తకం మేడమ్ చేతికొచ్చింది. అది అంతకుముందు సుగ్గి పద్దు. ఏ రోజు ఎవరెన్ని కిలోలు కోసినారు, మేస్త్రీ దగ్గర వాడుకున్నది ఎంత, సరుకులకు పోయింది ఎంత, అన్నీ మా మేనకోడలు పెన్సిల్‌తో రాసిపెట్టింది. మేడమ్ రెండు పేజీలు తానే కూడి చూసుకున్నారు. ఎక్కడా తేడా రాలేదు. "క్లాసులో నోరు విప్పదు, ఇంట్లో పద్దు మొత్తం ఈమే నడుపుతోందే!" అనినారు. మా బావ ఏమీ అనలేదు గానీ, ఆ పుస్తకం తీసుకొని మళ్ళీ మళ్ళీ తిరగేసినాడు.

పిల్లల్ని చదివించండమ్మా అని ఉపన్యాసం ఇచ్చి పోయినోళ్ళను మేం చాలామందిని చూసినాం. వీళ్ళు దారి వెతికినారు. చిన్నోణ్ణి సమగ్ర శిక్ష కింద వలస పోయేవాళ్ళ పిల్లలకు నడిపే సీజనల్ హాస్టల్లో చేర్పించే పని సారు తన మీద వేసుకున్నారు. పిల్ల అవ్వ దగ్గర ఉండేట్టు మాట్లాడుకున్నాం. ఒక కూలీ తగ్గితే అప్పు ఎట్లా తీరుతుందని బావ అడిగితే, "అది నా చేతిలో లేదన్నా, చదువు చూసుకోవడం మాత్రం మాకు వదిలెయ్" అనినారు సారు. ఆ సూటి మాటే మా బావకు నచ్చింది. హాజరు 75 శాతం లేకపోతే పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము ఆగుతుందన్న మాట మేడమ్ లేచి పోయేటప్పుడు మాత్రమే ఎత్తినారు. మొదట్లోనే అనుంటే బెదిరించినట్టు ఉండేది.

విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్‌లో తల్లిదండ్రులతో సమావేశమై పిల్లల హాజరు, చదువు సంగతి చెప్పాలని ఉంది. రాత్రిపూట టార్చి వేసుకొని మా వీధికి రమ్మని అందులో లేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మంచిదే. కానీ డిసెంబరులో మా పక్క తల్లిదండ్రులు ఊళ్ళో ఉంటే కదా! మాలాంటి ఊళ్ళకు సుగ్గి బళ్ళు కదలకముందే ఇళ్ళకు రావాలి. అది వీళ్ళిద్దరికీ తెలుసు.

తర్వాత కూడా వదిలిపెట్టలేదు. ఆదివారాలు మేడమ్ తన ఫోన్‌లో గుంటూరు దగ్గర గుడారంలో ఉన్న అక్కకు వీడియో కాల్ కలిపిచ్చేవారు. అవ్వకు జ్వరమొస్తే సారు బైకు మీద ఆస్పత్రికి తీసుకుపోయినారు. అక్కాబావ ఉగాదికి తిరిగొచ్చేసరికి పిల్లలిద్దరి బడీ ఆగలేదు. మేనకోడలు పదో తరగతికి వస్తోంది.

మేడమ్, సార్, మీకూ, మీకు వెనకుండి పంపించిన హెడ్‌మాస్టరు గారికీ, హాస్టల్లో మా చిన్నోనికి వేళకు అన్నం పెట్టిన వంట అక్కకూ మా ఇంటిల్లిపాదీ దండాలు. అక్క మీకోసం తెచ్చిన మిరపకాయలకు డబ్బులివ్వబోయినారంట, అది మాత్రం ఆమెకు కోపం తెప్పించింది.

ఈసారి సుగ్గికి ముందు మీరు ఇళ్ళకు తిరిగేటప్పుడు మాకు ఫోన్ చెయ్యండి. బెంగళూరులో ఉన్న మా ఊరి కుర్రోళ్ళం ఇద్దరు ముగ్గురం సెలవు పెట్టి వస్తాం. ఏ మేస్త్రీ ఎవరికి అడ్వాన్సు ఇచ్చినాడో, ఏ బండి ఎప్పుడు కదులుతుందో మాకు ముందే తెలుస్తుంది.